క్రియలే గుణాన్ని చూపుతాయని పిల్లలకు నేర్పడం ఎలా?

బాలుడు సైతం తన నడవడి శుద్ధమైనదో కాదో తన చేష్టల వల్లే తెలియజేస్తాడని సామెతలు 20:11 చెబుతుంది. పిల్లల పేరెత్తి చెప్పిన మాట కాబట్టి పెద్దలకు ఇది బాగా గుర్తుంటుంది. కానీ చాలామంది దీన్ని బెత్తంలా వాడతారు. పిల్లవాడు అల్లరి చేసినప్పుడు ‘నువ్వెలాంటివాడివో నీ చేష్టలే చెబుతున్నాయి’ అని వాక్యాన్ని వాడి మీదికి విసురుతారు. వాడు అప్పటికి తల దించుకుంటాడు, కానీ ఏమీ నేర్చుకోడు. పిల్లవాడి క్రియను చూసి తీర్పు చెప్పడం కాకుండా, ఆ క్రియ వెనక హృదయంలో ఏముందో వాడితో కలిసి వెతకడం మన పని. ఈ పాఠం ఇంట్లో నేర్పినా సండే స్కూల్‌లో నేర్పినా ఈ ఒక్క తేడా మనసులో ఉంచుకోండి. కింద చెప్పే మెట్లన్నీ దాని మీదే నిలబడ్డాయి.

ఇది ఒక్క ఆదివారంతో అయిపోయే పాఠం కాదు. వారానికో మెట్టు చొప్పున వెళ్ళండి, తొందరేమీ లేదు. అయిదారేళ్ల పిల్లలకు రెండో మెట్టు, ఆరో మెట్టు చాలు. పదేళ్లు దాటినవారికి అన్నీ కావాలి.

మొదటి మెట్టు: వరుస సరిచూసుకోండి

పిల్లలకు ఏమీ చెప్పక ముందే మీరు తేల్చుకోవలసిన సంగతి ఒకటుంది. ‘మంచి పనులు చేస్తే దేవుడు నిన్ను ప్రేమిస్తాడు’ అని మీరు ఒక్కసారి కూడా అనకపోవచ్చు. అయినా పిల్లలు అలాగే వింటారు. బడిలో మార్కులు, ఆటల్లో బహుమతులు, అన్నీ ముందు చేసి తర్వాత పొందేవే కాబట్టి సువార్తను కూడా అదే లెక్కలో వేసుకుంటారు.

ఎఫెసీ 2:8-10 వరుసను చక్కగా చెబుతుంది. కృప ముందు, విశ్వాసం ద్వారా రక్షణ, ఆ తర్వాత మనం నడుచుకోవడానికి దేవుడు సిద్ధం చేసిన సత్క్రియలు. పిల్లలకు దీన్ని లూకా 19లోని జక్కయ్య అనే పన్నులు వసూలు చేసేవాడి కథతో చూపించండి. యేసు చెట్టు కింద ఆగి పేరు పెట్టి పిలిచి, నీ ఇంట ఉంటానని చెప్పేసరికి జక్కయ్య ఇంకా ఎవరికీ ఒక్క నాణెం తిరిగివ్వలేదు. ఊరంతా సణుక్కుంది. ఆ తర్వాతే అతడు లేచి నిలబడి ఆస్తిలో సగం బీదలకిస్తాననీ, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తాననీ అన్నాడు. ‘జక్కయ్య డబ్బు తిరిగిచ్చాడు కాబట్టి యేసు ఇంటికి వచ్చాడా, యేసు ఇంటికి వచ్చాడు కాబట్టి జక్కయ్య తిరిగిచ్చాడా?’ అని పిల్లలను అడగండి. సరైన జవాబు వచ్చేదాకా తర్వాతి మెట్టు ఎక్కకండి.

మత్తయి 7లోని చెట్టు, ఫలాల మాట కూడా ఇక్కడే చెప్పవచ్చు. ఫలం చెట్టును మంచిది చేయదు, అది ఏ చెట్టో తెలియజేస్తుంది. గలతీ 5:22-23లో పౌలు చెప్పిన తొమ్మిది గుణాలకు ఆత్మ ఫలమని పేరుంది. అవి మన సొంత కష్టంతో సంపాదించేవైతే ఆ పేరు రాదు కదా.

రెండో మెట్టు: కథ చెప్పండి, గుణం పేరు మాత్రం చెప్పకండి

అన్నిటిలోకీ నాకు బాగా నచ్చిన పద్ధతి ఇది. పిల్లలతో బాగా పనిచేసేదీ ఇదే.

మామూలుగా మనం కథ ఎలా మొదలుపెడతాం? ‘రిబ్కా చాలా మంచి అమ్మాయి. ఒకరోజు ఏం జరిగిందంటే...’ అంటాం. తీర్పు ముందే చెప్పేశాం, ఇక పిల్లలకు వెతకడానికి ఏం మిగిలింది? బైబిలు అలా చెప్పదు. ఆదికాండము 24లో రిబ్కా దయగలదని ఒక్క మాట కూడా లేదు. ఆమె చేసిన పనులే ఉన్నాయి. మీరూ అలాగే చెప్పండి.

అబ్రాహాము దాసుడు పది ఒంటెలతో దూర ప్రయాణం చేసి సాయంకాలం ఊరి బయట బావి దగ్గరికి వచ్చాడు. తాగడానికి కొంచెం నీళ్ళడిగాడు. రిబ్కా వెంటనే కడవ దించి ఇచ్చింది. అతడు తాగాక, ఒంటెలకు కూడా చాలినంత చేదిపోస్తానని తనే అంది. కడవలో మిగిలిన నీళ్ళు తొట్టిలో కుమ్మరించి మళ్ళీ బావికి పరుగెత్తింది. ఆ మనిషి ఏమీ మాట్లాడకుండా ఆమెనే చూస్తూ నిలబడ్డాడు.

ఇక్కడ ఆపి చిన్న లెక్క వేయించండి. బాగా దాహం మీదున్న ఒంటె ఒక్కసారే దాదాపు వంద లీటర్లు తాగగలదు. కడవకు పది లీటర్లు పడతాయనుకుంటే ఒక్క ఒంటెకు పది కడవలు. మరి పది ఒంటెలకు? ఆ ఒంటెలు నిజంగా ఎంత తాగాయో వాక్యంలో లేదు. సగమే తాగాయనుకున్నా ఎన్నిసార్లు దిగి ఎక్కాలో పిల్లలే లెక్కకడతారు. వీలైతే ఒక బిందెలో నీళ్ళు నింపి ఒక్కొక్కరితో నాలుగడుగులు మోయించండి. ఆ తర్వాత అడగండి.

‘రిబ్కా ఎలాంటి అమ్మాయి?’

‘మంచిది.’

‘నీకెలా తెలిసింది?’

‘నీళ్ళిచ్చింది.’

‘దాహం వేస్తోందంటే ఎవరైనా ఇస్తారు కదా. ఇంకేం చేసింది?’

‘ఒంటెలకు కూడా పోసింది.’

‘పోయమని ఆయన అడిగాడా?’

‘లేదు.’

ఇక్కడ మీరు తొందరపడి అందుకోకండి. కాసేపు ఊరుకోండి. ఎవరో ఒకరు ‘నడవలేదు, పరుగెత్తింది’ అని గుర్తుచేస్తారు. అడగకుండానే చేసింది, విసుక్కోకుండా చేసింది, మధ్యలో మానకుండా చేసింది అని ఒక్కొక్కటే వాళ్ళ నోటే వస్తుంది. అప్పుడు ‘మరి అలాంటి మనిషిని ఏమంటాం?’ అని అడగండి. గుణానికి పేరు పిల్లలే పెట్టాలి. వాళ్ళంతట వాళ్ళు కనుక్కున్నది మనం నూరిపోసినదానికంటే ఎక్కువ కాలం నిలుస్తుంది.

ఇదే పద్ధతిలో చెప్పడానికి బైబిల్లో కథలు కొల్లలుగా ఉన్నాయి. పొలంలో పరిగె ఏరిన రూతు, దెబ్బలు తిన్నవాడి దగ్గర ఆగిన సమరయుడు, యొప్పేలో దొర్కా. దొర్కా కథను (అపొస్తలుల కార్యములు 9) తప్పకుండా చెప్పండి. ఆమె చనిపోయినప్పుడు విధవరాళ్ళు పేతురు చుట్టూ నిలబడి ఏడుస్తూ, ఆమె బతికున్నప్పుడు కుట్టిన అంగీలు, వస్త్రాలు చూపించారు. ఆమె ఎలాంటిదో చెప్పడానికి వాళ్ళకు ఇంకే మాటా అక్కరలేకపోయింది.

మూడో మెట్టు: ఇద్దరు కుమారులను ఆడించండి

మత్తయి 21:28-31లోని ఉపమానం పిల్లలు నటించడానికి ఎంతో వీలుగా ఉంటుంది. తండ్రి ఇద్దరినీ ద్రాక్షతోటలో పని చేయమన్నాడు. ఒకడు పోనని చెప్పి, తర్వాత మనసు మార్చుకుని వెళ్ళాడు. ఇంకొకడు ‘అయ్యా, పోతాను’ అని మర్యాదగా చెప్పి వెళ్ళలేదు. ముగ్గురితో ఆడించండి, తర్వాత పాత్రలు మార్చి మళ్ళీ ఆడించండి. ప్రతి బిడ్డా ఇద్దరు కుమారులుగానూ నటించేలా చూడండి.

తండ్రి మాట విన్నది ఎవరని అడిగితే అందరూ ఇట్టే చెబుతారు. అక్కడితో ఆపేయకండి. ‘రెండో కుమారుడు అబద్ధం చెప్పాలనే పోతానన్నాడా, అన్నప్పుడు నిజంగా వెళ్దామనే అనుకున్నాడా?’ అని అడగండి. ఉపమానం ఆ సంగతి చెప్పదు, కాబట్టి ఊహించనివ్వండి. ‘అప్పుడు వెళ్దామనే అనుకుని ఉంటాడు, తర్వాత ఆటలో పడి మరిచిపోయాడు’ అని ఎవరో అంటారు. అలా అన్నవాడు తన సంగతే చెబుతున్నాడు. మంచి ఉద్దేశం ఉన్నంత మాత్రాన మంచి గుణం ఉన్నట్టు కాదని పిల్లలకు తెలిసేది ఇక్కడే. మాటతోనూ నాలుకతోనూ కాక క్రియతోనూ సత్యంతోనూ ప్రేమించాలన్న 1 యోహాను 3:18ని ఈ వారం కంఠత వాక్యంగా ఇవ్వండి.

నాలుగో మెట్టు: తప్పు జరిగిన రోజు

అసలు పాఠం ఈ రోజే. తరగతిలో చెప్పిందంతా పిల్లవాడు మరిచిపోయినా, తను తప్పు చేసినప్పుడు మీరు ఎలా ఉన్నారో మరిచిపోడు.

ఉదాహరణకు, తొమ్మిదేళ్ల అన్న చెల్లెలి పుస్తకంలో ఆమె వేసిన బొమ్మను చించేశాడు. మీకు తెలిసింది. ‘ఎవరు చించారు?’ అని తెలియనట్టు అడగకండి. భయంతో ఉన్న పిల్లవాడు ‘నాకు తెలియదు’ అంటాడు, ఒక తప్పు రెండవుతుంది. ‘చెల్లి బొమ్మ నువ్వు చించావని నాకు తెలిసింది. రా, మాట్లాడుకుందాం’ అనండి. నలుగురి ముందు వద్దు, పక్కకు తీసుకెళ్ళండి.

‘నువ్వు అసూయపరుడివి’, ‘అబద్ధాలకోరువి’ అనే మాటలు నోట రానివ్వకండి. అలాగని ‘పోనీలే, పిల్లలన్నాక మామూలే’ అని కొట్టిపారేయకండి. మొదటిది పిల్లవాడి మీద ముద్ర వేస్తుంది, రెండోది హృదయంలో ఉన్నదాన్ని అలాగే వదిలేస్తుంది. ఏం జరిగిందో చెప్పనివ్వండి. తర్వాత ‘చించే ముందు నీ మనసులో ఏముంది?’ అని అడగండి. వెంటనే జవాబు రాదు. ఆగితే వస్తుంది: ‘అందరూ దాని బొమ్మే బాగుందన్నారు. నాది ఎవరూ చూడలేదు.’

మీకు కావలసింది ఆ మాటే. కాగితం చించిన చెయ్యి వెనక ఏముందో ఇప్పుడు ఇద్దరికీ తెలిసింది. ఆదికాండము 4:6-7లో దేవుడు కయీనును అడిగిన ప్రశ్న ఇదే: ‘నీకు కోపమెందుకు? నీ ముఖం చిన్నబోయిందెందుకు?’ ఆ ప్రశ్న కయీను తన తమ్ముడు హేబెలును చంపాక అడిగింది కాదు, ముందే అడిగాడు. పాపం వాకిట పొంచి ఉందని హెచ్చరించాడు కూడా. ఇది పిల్లవాడికి చెప్పండి. ఇలాంటి కోపం, బాధ వచ్చినప్పుడు చెయ్యి లేవక ముందే దేవునికి చెప్పుకోవచ్చనీ, మీకూ చెప్పవచ్చనీ అర్థమవుతుంది. ఆ బొమ్మను చూడకపోవడం మీ వల్ల జరిగిన లోపమైతే అది కూడా ఒప్పుకోండి. పిల్లలకు కోపం పుట్టించవద్దని ఎఫెసీ 6:4 తండ్రులకు చెప్పిన మాట.

తర్వాత సరిదిద్దడం. ‘సారీ చెప్పు’ అని నెట్టడం సరిదిద్దడం కాదు. అలా నెట్టి చెప్పించిన క్షమాపణ రెండో కుమారుడి ‘పోతానయ్యా’ లాంటిదే అవుతుంది. ధర్మశాస్త్రంలో సంఖ్యాకాండము 5:7 ప్రకారం తప్పు ఒప్పుకున్నవాడు నష్టాన్ని పూర్తిగా చెల్లించి, దానికి అయిదో వంతు కలిపి ఇవ్వాలి. పోగొట్టినదానికంటే కొంచెం ఎక్కువే ఇవ్వాలన్న ఆ నియమం పిల్లలకు బాగా అర్థమవుతుంది. ‘చెల్లికి ఏం చేస్తే సరిపోతుంది? దానికి ఇంకాస్త ఏం కలుపుతావు?’ అని వాడినే అడగండి. కాగితం అతికించి ఇస్తాననవచ్చు, తన రంగు పెన్సిళ్ళు రెండు ఇస్తాననవచ్చు. ఏం చేయాలో వాడే ఎంచుకోవాలి.

చివరగా ప్రార్థన. వాడి బదులు మీరు చేయకండి, వాడి పక్కన కూర్చుని చేయండి. ప్రార్థన అయ్యాక ఆ సంగతిని మళ్ళీ ఎత్తకండి. వచ్చే నెల ఇంకో తప్పు జరిగినప్పుడు ‘అప్పుడు కూడా ఇలాగే...’ అని పాత చిట్టా విప్పితే, దేవుడు క్షమించాడని మీరు చెప్పిన మాట ఉత్తదే అనుకుంటాడు.

ఐదో మెట్టు: ఎవరూ చూడని పని

క్రియలు గుణాన్ని చూపుతాయని నేర్చుకున్న పిల్లలకు ఒక ప్రమాదం ఉంది. క్రియలను చూపించడం నేర్చుకుంటారు. అమ్మ చూస్తున్నప్పుడే తమ్ముడిని ముద్దు చేయడం, టీచరు వచ్చాకే కుర్చీలు సర్దడం మొదలవుతుంది. పైన పటారం, లోన లొటారం. మంచి పనులకు గోడ మీద నక్షత్రాలు అతికించే పట్టీలు ఈ జబ్బును పెంచుతాయని నా అభిప్రాయం. మిగతా విషయాలకు వాడుకోండి గానీ దయకు, నిజాయితీకి వద్దు.

మత్తయి 6:1-4లో యేసు రహస్యంగా చేసే ధర్మం గురించి చెప్పిన మాటలు చదివించి, వారానికొక రహస్యపు పని అప్పగించండి. ఎవరికో ఒకరికి మేలు చేయాలి, ఎవరు చేశారో వాళ్ళకు తెలియకూడదు, తర్వాత మీకు కూడా చెప్పకూడదు. మీరూ అడగకూడదు. అదే కష్టం! ‘చేశావా?’ అని అడిగారంటే ఆ పని మళ్ళీ మీ కళ్ళ కోసమే అయిపోతుంది. మరి చేశారో లేదో ఎలా తెలుస్తుంది? తెలియదు. రహస్యమందు చూసే తండ్రికి తెలుసునని మనం నమ్ముతున్నామో లేదో పిల్లలకంటే ముందు మనకే పరీక్ష.

దీనితోపాటు 2 రాజులు 5వ అధ్యాయం చెప్పండి. అందులో ఇద్దరు సేవకులున్నారు. ఒకరు ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని చెరపట్టబడిన చిన్నపిల్ల. తనను పట్టుకొచ్చిన దేశపు సేనాధిపతి నయమాను కుష్ఠు బాగుపడాలని కోరుకుంది. రెండోవాడు ఎలీషా ప్రవక్త దగ్గరే ఉండే గేహజీ. ప్రవక్త వద్దన్న కానుకల కోసం నయమాను వెనక పరుగెత్తి, అబద్ధమాడి రెండు తలాంతుల వెండి, రెండు దుస్తులు తీసుకుని ఇంట్లో దాచాడు. తిరిగొచ్చి ఏమీ ఎరగనట్టు యజమాని ముందు నిలబడి ఎక్కడికీ వెళ్ళలేదన్నాడు. ప్రవక్త ఇంట్లో ఉన్నంత మాత్రాన గుణం రాదు. సండే స్కూల్‌కు క్రమంగా వచ్చే మన పిల్లలు వినవలసిన కథ ఇది, మనం కూడా.

ఆరో మెట్టు: మెచ్చుకునే తీరు

‘గుడ్ బాయ్’ అన్న మాట ఏమీ చెప్పదు. ఏం చేశాడో చెప్పండి, దానిలో మీకు ఏం కనిపించిందో చెప్పండి. ‘ఆ కొత్త పాప ఒంటరిగా కూర్చుంటే నువ్వు వెళ్ళి పక్కన కూర్చున్నావు. ఎవరూ చెప్పకుండానే ఆమె బాధ నీకు తెలిసింది. అలాంటి మనసు ఇచ్చినందుకు దేవునికి స్తోత్రం.’ ఇంతే. ఊరంతా చాటకండి. అక్కతోనో తమ్ముడితోనో పోల్చకండి.

ఏడో మెట్టు: ఒక్క పనితో మనిషిని తేల్చవద్దని నేర్పండి

ఈ పాఠం విన్న పిల్లలు తోటివాళ్ళ మీద తీర్పరులుగా మారే అవకాశం ఉంది. ‘వాడు నెట్టాడు, వాడు చెడ్డవాడు’ అంటారు. మనుషులు పైరూపాన్ని చూస్తారు, యెహోవా హృదయాన్ని చూస్తాడన్న 1 సమూయేలు 16:7 ఇక్కడ అవసరం. పేతురు కథ ఇంకా అవసరం. యేసును పట్టుకున్న రాత్రి అతడు మూడుసార్లు ఆయన్ను ఎరగనన్నాడు. ఆ ఒక్క రాత్రే చూసినవాళ్ళు అతణ్ణి పిరికివాడనే అంటారు. యోహాను 21లో యేసు మూడుసార్లు ‘నన్ను ప్రేమిస్తున్నావా’ అని అడిగి, మూడుసార్లూ గొర్రెలను అప్పగించాడు. ఒక్క పని ఒక్క రోజు సంగతి చెబుతుంది. గుణం తెలియాలంటే చాలా రోజులు చూడాలి, పడ్డాక లేచిన తీరును కూడా చూడాలి.

ఎనిమిదో మెట్టు: పెద్ద పిల్లల ప్రశ్నకు సిద్ధపడండి

పన్నెండేళ్లు దాటాక ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. ‘నాకు లోపల ఇష్టం లేదు. అయినా చేస్తే అది వేషధారణ కాదా?’ ఇది తప్పించుకోవడానికి అడిగినట్టుంటుంది గానీ చాలా మంచి ప్రశ్న. కసరకండి.

వేషధారి మనుషులు చూడాలని చేస్తాడు. ఇష్టం లేకపోయినా తండ్రి చెప్పాడని తోటకు వెళ్ళినవాడు వేషధారి కాదు. అతడి క్రియ కూడా అతడి హృదయంలో ఉన్నదాన్నే చూపింది: ఇష్టంకంటే తండ్రి మీద గౌరవం పెద్దదని. గెత్సెమనేలో యేసు తన వేదనను దాచుకోలేదు, ఈ గిన్నె తొలగిపోతే బాగుండునని చెప్పి, ‘నా ఇష్టం కాదు, నీ ఇష్టమే’ అన్నాడు (లూకా 22:42). వేదననూ విధేయతనూ ఒకే ప్రార్థనలో తండ్రికి చెప్పుకోవచ్చని ఆ వచనం మీ అబ్బాయితో, అమ్మాయితో కలిసి చదవండి.

తర్వాత పనికి వెళ్ళే ముందు చేసుకోవడానికి చిన్న ప్రార్థన నేర్పండి: ‘ప్రభువా, నాకు వెళ్ళాలని లేదు. అయినా వెళ్తున్నాను. నా మనసును కూడా మార్చు.’ పని అయ్యాక, వీలు చూసుకుని ఇప్పుడెలా ఉందని అడగండి. ఒక్కోసారి మనసు మారి ఉంటుంది, ఒక్కోసారి ఉండదు. మారలేదని చెబితే నొచ్చుకోకండి, ఉపన్యాసం మొదలుపెట్టకండి. ఆ రాత్రి ప్రార్థనలో ఆ మాటే ఉన్నదున్నట్టు దేవునికి చెప్పమనండి.